డైరెక్ట్ మెథడ్ కాల్స్ కోసం కోడ్‌జెన్ రీఫ్యాక్టర్ చేయాలంటే ఎక్కడ మొదలెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. పోర్టులో కార్గో బిల్లింగ్ రూల్స్ రాసుకోడానికి మీ టీమ్ ఒక చిన్న ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ లాంగ్వేజ్ కట్టుకుంది, వెనకాల మెషీన్ కోడ్ తయారుచేసిపెట్టే రెడీమేడ్ కంపైలర్ టూల్‌కిట్ ఎల్‌ఎల్‌వీఎం. కోడ్‌జెన్‌లో, అంటే కోడ్ పుట్టించే భాగంలో, వర్చువల్ కాల్‌కి (ఏ వెర్షన్ నడవాలో ఆబ్జెక్ట్‌ని బట్టి నడిచేటప్పుడు తేలేది) ఒక ఫంక్షన్, సూపర్ కాల్‌కి (పై క్లాసు వెర్షన్‌ని పిలిచేది) ఒకటి, కన్‌స్ట్రక్టర్‌కి ఒకటి, స్టాటిక్‌కి, ప్రైవేట్‌కి ఇంకో రెండు, అన్నీ ఒకదాన్ని చూసి ఒకటి కాపీ కొట్టినవే. వాటిని కలిపేసి, పనిలో పనిగా ప్రైవేట్, ఫైనల్ (కింది క్లాసులు మార్చలేని) మెథడ్స్‌ని వీటేబుల్ (క్లాసు మెథడ్ల అడ్రస్‌ల పట్టిక) జోలికి పోకుండా డైరెక్ట్‌గా పిలవాలని మీ ఆలోచన. "మెథడ్ వర్చువలా కాదా అని ఒక ఇఫ్ పెట్టేస్తే సరిపోదా?" అన్నారు.

సరిపోదండీ. డైరెక్ట్ అనేది మెథడ్‌కి ఉండే గుణం కాదు, కాల్ సైట్‌కి, అంటే పిలిచే చోటుకి, ఉండే గుణం. అదే మెథడ్‌ని ఒక చోట వీటేబుల్ ద్వారా పిలవాలి, ఇంకో చోట డైరెక్ట్‌గానే పిలిచి తీరాలి. కాబట్టి ఆ నిర్ణయం కోడ్‌జెన్ కంటే ముందే, టైప్ చెకింగ్ అయిపోయాక, ఒకే ఒక్క చోట తీసుకుని కాల్ నోడ్ (కంపైలర్ లోపల ఆ కాల్‌కి ఉండే రికార్డు) మీద రాసి పెట్టుకోండి, కోడ్‌జెన్ దాన్ని చదివి చెప్పినట్టు చేయాలి అంతే, తనంతట తాను మళ్ళీ ఆలోచించకూడదు. ఇంకోటి, కలపడం వేరే పని, డైరెక్ట్ చేయడం వేరే పని, రెండూ ఒకే కమిట్‌లో పెట్టొద్దు.

నేనూ వైజాగే, ఉండేది మధురవాడ, పని రుషికొండ వైపు, చాలా ఏళ్ళుగా కంపైలర్ బ్యాకెండ్ల మీదే. మన ఊళ్ళో ఈ పని చేసేవాళ్ళు ఎదురుపడటం తక్కువ, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ ఇఫ్ ఎందుకు పనికిరాదో మీ లాంగ్వేజ్ మీదే చూద్దాం. కార్గో అనే క్లాసు, దాని కింద కంటైనర్, దాని కింద రీఫర్ (సరుకుని చల్లగా ఉంచే కంటైనర్) అనుకోండి. ఛార్జ్ అనే మెథడ్ కార్గోలో వర్చువల్, కింద రెండూ దాన్ని ఓవర్‌రైడ్ చేశాయి, అంటే తమ సొంత వెర్షన్ రాసుకున్నాయి. రీఫర్ ఛార్జ్ లోపల ఏముంటుంది? సూపర్.ఛార్జ్ పిలిచి, వచ్చినదానికి కరెంట్ ప్లగ్ ఖర్చు కలుపుతుంది. ఇప్పుడు మీ ఇఫ్ ఏం చేస్తుందంటే, ఛార్జ్ వర్చువల్ కదా అని వీటేబుల్‌లోకి వెళ్తుంది, ఆబ్జెక్ట్ రీఫర్ కాబట్టి స్లాట్‌లో దొరికేది మళ్ళీ రీఫర్ ఛార్జే, అది మళ్ళీ సూపర్ అంటుంది, స్టాక్ అయిపోయేదాకా అదే తంతు. మెథడ్ నూటికి నూరు పాళ్ళు వర్చువలే, కానీ ఆ కాల్ మాత్రం డైరెక్ట్ అయి తీరాలి. ఇప్పుడు మీ పాత కోడ్‌లో సూపర్‌కి విడిగా ఫంక్షన్ ఉంది కాబట్టి బండి నడుస్తోంది, కలిపేసిన మర్నాడే బయటపడుతుంది.

దీనికి రివర్స్ కూడా ఉంది. మెథడ్ వర్చువలే, ఫైనల్ అని కూడా లేదు, కానీ రిసీవర్ (ఏ ఆబ్జెక్ట్ మీద మెథడ్ పిలుస్తున్నామో అది) టైపు ఫైనల్ క్లాసు, లేదా రిసీవర్ అదే లైన్లో కొత్తగా సృష్టించిన ఆబ్జెక్ట్. అక్కడ ఎవరిని పిలుస్తున్నామో మనకి ఖాయంగా తెలుసు, డైరెక్ట్ చేసుకోవచ్చు. మెథడ్ మీద ఉన్న ఫ్లాగ్ చూస్తే ఈ సంగతి ఎప్పటికీ తెలీదు.

కన్‌స్ట్రక్టర్ లోపల కాల్స్ సంగతైతే ఇంకా తమాషా. సీ ప్లస్ ప్లస్‌లో బేస్ కన్‌స్ట్రక్టర్ నడుస్తున్నంతసేపూ ఆబ్జెక్ట్ బేస్ టైపుదే, కాబట్టి అక్కడ తన మీద తాను పిలుచుకునే వర్చువల్ మెథడ్ బేస్ వెర్షన్‌కే వెళ్తుంది, కంపైలర్ దాన్ని డైరెక్ట్ చేసినా తప్పు లేదు. జావా, సీ షార్ప్‌లలో అదే కాల్ కింది క్లాసు ఓవర్‌రైడ్‌కి వెళ్తుంది. సీ ప్లస్ ప్లస్ కంపైలర్ క్లాంగ్‌లో చూశాం కదా అని ఆ ట్రిక్ తెచ్చి జావా తరహా లాంగ్వేజ్‌లో పెడితే మీనింగే మారిపోతుంది. మీ లాంగ్వేజ్ ఏ పక్షమో ముందు ఒక వాక్యంలో రాసి పెట్టుకోండి, స్పెక్ అనే పేరుతో పెద్ద డాక్యుమెంట్ ఏం అక్కర్లేదు.

ఇక కోడ్‌జెన్ ఆకారం. నేనైతే మూడు ముక్కలు చేస్తా. ఒకటి, ఎవర్ని పిలవాలి: ఫంక్షన్ సింబలా, వీటేబుల్ స్లాటా, ఫంక్షన్ పాయింటరా. రెండు, ఆర్గ్యుమెంట్లు ఏ వరసలో ఏ రూపంలో వెళ్ళాలి, అంటే ఏబీఐ. మూడు, అసలు కాల్ ఇన్‌స్ట్రక్షన్ ఎమిట్ చేసి, రిజల్ట్ తీసుకుని, ట్రై బ్లాక్ లోపల ఉంటే కాల్ బదులు ఇన్వోక్ (ఎక్సెప్షన్ వస్తే ఎటు వెళ్ళాలో కూడా చెప్పే ఎల్‌ఎల్‌వీఎం కాల్) వేసి, డీబగ్ లొకేషన్ తగిలించడం. మీ ఐదు ఫంక్షన్లలో తేడా ఉన్నది మొదటి ముక్కలోనే. రెండు, మూడు అందరికీ ఒకటే, గాజువాక బస్సైనా గోపాలపట్నం బస్సైనా ఎన్‌ఏడీ దగ్గర కలిసినట్టు అన్నీ అక్కడికే వచ్చి కలవాలి.

ఇది నేను కనిపెట్టిందేం కాదు. క్లాంగ్‌లో సీజీకాలీ అని ఒక చిన్న క్లాస్ ఉంది, పిలవబోయేది మామూలు ఫంక్షనా, బిల్ట్-ఇన్నా, వర్చువలా అన్నది అందులో మోసుకెళ్తారు, వర్చువల్ అయితే వీటేబుల్ లోడ్‌ని కాల్ ఎమిట్ చేసే టైముకి గానీ వెయ్యరు. స్విఫ్ట్ కంపైలర్ లోపల వాడుకునే మధ్య భాష ఎస్‌ఐఎల్ ఇంకా నీట్‌గా ఉంటుంది, డైరెక్ట్ అయితే ఫంక్షన్_రెఫ్, క్లాస్ మెథడ్ అయితే క్లాస్_మెథడ్, ప్రోటోకాల్ ద్వారా అయితే విట్‌నెస్_మెథడ్, ఏదైనా సరే చివర్లో పిలిచేది ఒకటే అప్లై. డీవర్చువలైజ్ చేయడమంటే క్లాస్_మెథడ్ తీసేసి ఆ జాగాలో ఫంక్షన్_రెఫ్ పెట్టడమే, ఆర్గ్యుమెంట్ల వైపు దాదాపు చెయ్యి పెట్టక్కర్లేదు. మీరు కోడ్ మొదలెట్టే ముందు ఈ రెండూ ఒకసారి చదివితే మీ క్లాసుల పేర్లు కూడా వాటంతట అవే వచ్చేస్తాయి.

ఇప్పుడు అందరూ కాలు జారే చోటు. డైరెక్ట్ చేయగానే నల్ చెక్, అంటే ఆబ్జెక్ట్ అసలు ఉందా అని చూడడం, ఎగిరిపోతుంది. వర్చువల్ కాల్ ఎక్స్86-64 మీద ఇలా ఉంటుంది:

మూవ్ ఆర్‌ఏఎక్స్, [ఆర్‌డీఐ]
కాల్ [ఆర్‌ఏఎక్స్ + 24]

ఆ మొదటి లైను వీటేబుల్ అడ్రస్ కోసం ఆబ్జెక్ట్‌ని ముట్టుకుంటోంది. ఆబ్జెక్ట్ నల్ అయితే అక్కడే సెగ్‌ఫాల్ట్ (ముట్టుకోకూడని మెమరీ ముట్టుకున్న ఎర్రర్), మీ రన్‌టైమ్ ఆ సిగ్నల్ పట్టుకుని నల్ ఎక్సెప్షన్‌గా మారుస్తోంది. అంటే ఇన్నాళ్ళూ నల్ చెక్ ఊరికే వచ్చింది, ఎవరూ రాయలేదు, ఎక్కడా కనపడదు. డైరెక్ట్ చేశారనుకోండి, మిగిలేది ఒక్క కాల్, ఐదు బైట్లు, ఆబ్జెక్ట్‌ని ఎవరూ ముట్టుకోరు. నల్ రిసీవర్ దర్జాగా మెథడ్ లోపలికి వెళ్ళిపోతుంది. లోపల ఏదో ఫీల్డ్ చదివితే అక్కడ పేలుతుంది, స్టాక్ ట్రేస్ వేరే మెథడ్ పేరు చూపిస్తుంది. అసలు ఫీల్డే చదవని మెథడ్ అయితే ఇంకా ఘోరం, లేని కంటైనర్‌కి బిల్లు వేసి చక్కగా రిటర్న్ అయిపోతుంది, ఎవరికీ తెలీదు.

సీ షార్ప్ కంపైలర్ వర్చువల్ కాని ఇన్‌స్టాన్స్ మెథడ్స్‌కి కూడా మామూలుగా కాల్‌విర్ట్ ఇన్‌స్ట్రక్షనే వేసేది ఇందుకే, ఆ ఇన్‌స్ట్రక్షన్‌తో నల్ చెక్ వస్తుంది కాబట్టి. తర్వాత జిట్ (ప్రోగ్రామ్ నడుస్తుండగా కంపైల్ చేసేది) దాన్ని డైరెక్ట్ కాల్ చేసేసి, ముందు ఒక చిన్న కంపేర్ పెడుతుంది, రిసీవర్ అడ్రస్‌లో ఉన్నదాన్ని ఉత్తుత్తినే చదవడానికి. రిజల్ట్‌తో పనిలేదు, ముట్టుకోవడమే కావాలి.

మీరు ఎల్‌ఎల్‌వీఎం మీద కదా, అదే ట్రిక్ మామూలు లోడ్‌తో చేయబోకండి. వాడని లోడ్‌ని ఆప్టిమైజర్ తీసి పారేస్తుంది, పైగా నల్ నుంచి లోడ్ చేయడం దాని లెక్కలో అన్‌డిఫైన్డ్, అంటే ఏం జరిగినా దానికి పూచీ లేదు. తిన్నగా నల్‌తో కంపేర్ చేసి బ్రాంచ్ వెయ్యండి, దానికి మేక్.ఇంప్లిసిట్ అనే మెటాడేటా తగిలిస్తే ఇంప్లిసిట్ నల్ చెక్స్ అనే పాస్ (కంపైలర్ దశ) వీలైన చోట దాన్ని పక్కనున్న మెమరీ యాక్సెస్‌లో కలిపేస్తుంది. ఆ పాస్ వాడాలంటే మీ సిగ్నల్ హ్యాండ్లర్‌కి ఫాల్ట్ మ్యాప్ (ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర పేలితే ఎటు వెళ్ళాలో చెప్పే పట్టిక) చదవడం రావాలి, అది మొదటి రౌండ్‌లో వద్దు, బ్రాంచ్‌తోనే కానివ్వండి. కొత్తగా సృష్టించిన ఆబ్జెక్ట్‌కీ, తన మీద తాను పిలుచుకునే కాల్‌కీ చెక్ అక్కర్లేదు, అది కూడా ఆ కాల్ నోడ్ మీదే రాసుకోండి, డైరెక్ట్ అన్న ఫ్లాగ్ పక్కన.

చెక్ ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యమే. జావా రూల్ ఏంటంటే రిసీవర్ ముందు, తర్వాత ఆర్గ్యుమెంట్లు, అవన్నీ అయ్యాకే నల్ చెక్. అంటే బాక్స్.ఛార్జ్(రేటు_తెచ్చు()) లో బాక్స్ నల్ అయినా రేటు_తెచ్చు నడిచాకే ఎక్సెప్షన్ రావాలి. మీ పాత వర్చువల్ పాత్‌లో వీటేబుల్ లోడ్ ఆర్గ్యుమెంట్ల తర్వాత ఉండి ఉంటే మీదీ అదే వరస, చూసుకుని దాన్నే నిలబెట్టండి. రిసీవర్ ఎవాల్యుయేట్ చేసిన వెంటనే చెక్ పెట్టడం చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది గానీ ప్రోగ్రామ్ ప్రవర్తన మారిపోతుంది.

రెండో గొడవ ఏబీఐ. మీ కోడ్‌లో ఐదు చోట్లా మొదటి ఆర్గ్యుమెంట్ అంటే రిసీవర్ అని రాసి ఉంటుంది, పందెం కాస్తా. పెద్ద స్ట్రక్ట్ రిటర్న్ చేసే మెథడ్ దగ్గర అది తప్పు. లినక్స్ ఎక్స్86-64 మీద సీ ప్లస్ ప్లస్ మెథడ్స్‌కి రిజల్ట్ రాసే చోటు అడ్రస్ ముందు ఆర్‌డీఐ రిజిస్టర్‌లో వెళ్తుంది, రిసీవర్ ఆర్‌ఎస్‌ఐ కి జరుగుతుంది. విండోస్ 64-బిట్‌లో తిరగేసి, రిసీవర్ ఆర్‌సీఎక్స్ లో, రిజల్ట్ అడ్రస్ ఆర్‌డీఎక్స్ లో. ఏఆర్‌ఎం 64 లో రిజల్ట్ అడ్రస్‌కి ఎక్స్8 అని విడి రిజిస్టరే ఉంది, రిసీవర్ మామూలుగా ఎక్స్0. మీ రన్‌టైమ్ లైబ్రరీ సీ ప్లస్ ప్లస్‌లో ఉంటే దానితో మాట్లాడే చోట ఇదంతా తు.చ. తప్పకుండా కుదరాలి. అందుకే ఆర్గ్యుమెంట్ల లిస్టులో రిసీవర్ ఎన్నోది అన్నది ఒకే ఫంక్షన్ చెప్పాలి, మిగతావాళ్ళంతా దాన్ని అడగాలి, సున్నా అని ఎక్కడా రాయకూడదు.

మల్టిపుల్ ఇన్‌హెరిటెన్స్ (ఒక క్లాసుకి ఒకటికి మించి పై క్లాసులు) ఉందా మీకు? ప్రశ్నలో చెప్పలేదు. లేకపోతే ఈ పేరా వదిలెయ్యండి. ఉంటే వీటేబుల్ స్లాట్‌లో ఉండేది ఒక్కోసారి అసలు మెథడ్ కాదు, రిసీవర్ పాయింటర్‌ని సర్ది అసలుదానికి జంప్ చేసే థంక్. డైరెక్ట్ చేస్తే ఆ సర్దుబాటు మీరే చేసి పంపాలి. కోవేరియంట్ రిటర్న్ టైపులు (ఓవర్‌రైడ్ చేసినది ఇంకా కింది క్లాసుని రిటర్న్ చేయడం) ఉంటే రిజల్ట్ వైపు కూడా సర్దాలి. క్లాంగ్ వాళ్ళు అలాంటి చోట రిటర్న్ టైపులు కలవకపోతే డైరెక్ట్ చేయడమే మానుకుని వర్చువల్‌గా వదిలేస్తారు. మీరూ అంతే చేయండి, అక్కడ హీరోయిజం అనవసరం.

ఇప్పుడు చెప్పబోయేది ఎవరూ ముందుగా చెప్పరు, దెబ్బ తగిలాకే తెలుస్తుంది. ఇన్‌డైరెక్ట్ కాల్ వెనక దాక్కున్న తప్పులన్నీ డైరెక్ట్ చేయగానే బయటికొస్తాయి, ఎందుకంటే ఆప్టిమైజర్‌కి ఇప్పుడు అవతలి ఫంక్షన్ కనిపిస్తుంది.

ఉదాహరణకి కాలింగ్ కన్వెన్షన్, అంటే ఆర్గ్యుమెంట్లు ఏ రిజిస్టర్లలో వెళ్ళాలన్న ఒప్పందం. మెథడ్ డెఫినిషన్ మీద ఫాస్ట్‌సీసీ అనే కన్వెన్షన్ పెట్టి, కాల్ మీద పెట్టడం మర్చిపోయారనుకోండి. వీటేబుల్ ద్వారా పిలిచినన్నాళ్ళూ అదృష్టం బాగుండి రిజిస్టర్లు కుదిరితే నడిచిపోతుంది. డైరెక్ట్ కాగానే ఇన్‌స్ట్‌కంబైన్ అనే ఆప్టిమైజర్ పాస్ రెండూ పక్కపక్కన పెట్టి చూసి, ఇవి కలవలేదు, అన్‌డిఫైన్డ్ అని తేల్చి ఆ కాల్‌ని అన్‌రీచబుల్ (ఎప్పటికీ చేరని చోటు) చేసేస్తుంది, దాని తర్వాతున్న కోడ్ మొత్తం గల్లంతు. ఇది ఎంతమందికి ఎదురైందంటే ఎల్‌ఎల్‌వీఎం వాళ్ళ ఎఫ్‌ఏక్యూలో ప్రత్యేకంగా ఒక ప్రశ్నే ఉంది. నాకు తెలిసిన ఒక టీమ్‌లో డీబగ్ బిల్డ్ బ్రహ్మాండంగా నడుస్తోంది, ఓ2 (ఆప్టిమైజేషన్ ఆన్) పెడితే ప్రోగ్రామ్ సగంలో పక్క ఫంక్షన్‌లోకి జారిపోతోంది అని అందరూ రిజిస్టర్ అలొకేటర్ మీద పడ్డారు. అసలు దోషి ఇదే.

టైపులు కూడా అంతే. ఎల్‌ఎల్‌వీఎం 15 నుంచి ఒపేక్ పాయింటర్లు (దేన్ని చూపిస్తున్నాయో టైపు చెప్పనివి) డిఫాల్ట్, 17 కి వచ్చేసరికి పాత టైపు పాయింటర్లు పూర్తిగా పోయాయి. పాయింటర్ చూసి ఫంక్షన్ టైపు తెలుసుకునే రోజులు పోయాయి, కాల్ కట్టేటప్పుడు టైపు మీరే ఇవ్వాలి, అది డెఫినిషన్‌తో కలవకపోయినా ఎల్‌ఎల్‌వీఎంలో తప్పులు పట్టే వెరిఫయర్ కిమ్మనదు. కాబట్టి డిక్లరేషన్‌కీ కాల్‌కీ టైపు, కాలింగ్ కన్వెన్షన్, ఆట్రిబ్యూట్లు మూడూ మెథడ్ సిగ్నేచర్ నుంచి ఒకే ఫంక్షన్ లెక్కకట్టి ఇవ్వాలి. చేతిలో ఫంక్షన్ ఉంటే ఎల్‌ఎల్‌వీఎం వాళ్ళ ఫంక్షన్‌కాలీ వాడండి, టైపునీ ఫంక్షన్‌నీ జంటగా పట్టుకుంటుంది.

ఒక్క విషయంలో మాత్రం వెరిఫయర్ గట్టిగానే అరుస్తుంది. డీబగ్ ఇన్ఫో ఉన్న ఫంక్షన్ నుంచి డీబగ్ ఇన్ఫో ఉన్న ఇంకో ఫంక్షన్‌ని డైరెక్ట్‌గా పిలిచి, ఆ కాల్‌కి లొకేషన్ పెట్టకపోతే ఎర్రర్. ఇన్‌డైరెక్ట్‌కి ఈ ఎర్రర్ రాదు. కాబట్టి మొదటి రోజు మీ స్క్రీన్ నిండా ఇదే వస్తే కంగారు పడకండి, మూడో ముక్కలో ఒక్క చోట సరిచేస్తే అన్నీ పోతాయి. అందుకే కదా కలపమన్నది.

పని వరస చెప్తా. ముందు మీ టెస్ట్ ప్రోగ్రాములన్నీ ఇప్పటి కంపైలర్‌తో కంపైల్ చేసి అసెంబ్లీ దాచుకోండి. ఐఆర్ (ఎల్‌ఎల్‌వీఎం మధ్య రూపం) కాదు, అసెంబ్లీ. రీఫ్యాక్టర్‌లో టెంపరరీల పేర్లు మారి ఐఆర్ డిఫ్ నిండా చెత్త వస్తుంది. తర్వాత ఒక్కో పాత ఫంక్షన్‌ని కొత్త దారికి మళ్ళించండి, ప్రతి కమిట్‌కీ అసెంబ్లీ డిఫ్ ఖాళీగా ఉండాలి. "చిన్న తేడానే, పర్లేదులే" అని దాటెయ్యకండి, ఆ చిన్న తేడా ఏంటో తెలిశాకే ముందుకి. స్టాటిక్‌తో మొదలెట్టండి, రిసీవర్ గొడవే లేదు. తర్వాత కన్‌స్ట్రక్టర్, సూపర్. వర్చువల్ ఆఖర్న.

అంతా ఒకే దారిలోకి వచ్చాక అప్పుడు డైరెక్ట్ నిర్ణయం, ఒక ఫ్లాగ్ వెనకాల. టెస్టులు ఫ్లాగ్ ఆన్‌లో ఒకసారి, ఆఫ్‌లో ఒకసారి నడపండి. ఆ ఫ్లాగ్‌కి ఒక నంబర్ తీసుకునేలా చేస్తే మరీ మంచిది: మొదటి ఇన్ని కాల్స్ మాత్రమే డైరెక్ట్ చెయ్, మిగతావి వర్చువల్‌గా వదిలెయ్. ఎల్‌ఎల్‌వీఎంలో ఆప్ట్-బైసెక్ట్-లిమిట్ ఉంది కదా, అదే ఐడియా. పెద్ద ప్రోగ్రామ్ ఏదో తప్పు బిల్లు ఇస్తోందంటే నంబర్‌ని సగం సగం చేసుకుంటూ వెళ్తే తప్పు చేసిన కాల్ సైట్ తనే దొరుకుతుంది, డీబగ్గర్‌లో రాత్రంతా కూర్చోనక్కర్లేదు. రాయడానికి పట్టేది పట్టుమని పది లైన్లు, నేనైతే ఇది లేకుండా ఏ ఆప్టిమైజేషనూ మెర్జ్ చేయనివ్వను.

స్పీడు గురించి ఆశలు కాస్త అదుపులో పెట్టుకోండి. ఎప్పుడూ ఒకే మెథడ్‌కి వెళ్ళే ఇన్‌డైరెక్ట్ కాల్‌ని ఇప్పటి ప్రాసెసర్లు బాగానే ప్రెడిక్ట్ చేస్తాయి, కాబట్టి రెండు లోడ్లు మిగిలినంత మాత్రాన బిల్లింగ్ రన్ పరుగులు పెట్టదు. 2018లో ప్రాసెసర్లలో స్పెక్టర్ అనే భద్రతా లోపం బయటపడ్డాక దానికి అడ్డుగా రెట్పొలైన్లు వేసుకునే బిల్డ్స్‌లో ఇన్‌డైరెక్ట్ కాల్ ఖరీదు బాగా పెరిగింది, మీది అలాంటిదైతే తేడా కనపడుతుంది. అసలు లాభం ఇన్‌లైనింగ్‌ది, అంటే పిలిచే బదులు మెథడ్ బాడీని అక్కడే అతికించడంది. డైరెక్ట్ అయితేనే ఇన్‌లైనర్‌కి అవతలి బాడీ కనపడేది, చిన్న గెటర్లు మాయమయ్యేది, లూప్ బయటికి లెక్కలు లాగేది. అందుకే ప్రైవేట్ మెథడ్స్‌కి లింకేజ్ ఇంటర్నల్ (పేరు బయటి ఫైళ్ళకి కనపడకుండా) పెట్టడం మర్చిపోకండి. షేర్డ్ లైబ్రరీగా కడుతూ సింబల్ బయటికి కనిపించేలా వదిలేస్తే మీరు డైరెక్ట్ అనుకున్నది పీఎల్‌టీ (లింకర్ కట్టే జంప్‌ల పట్టిక) మీదుగా చుట్టు తిరిగి వెళ్తుంది, మళ్ళీ ఒక ఇన్‌డైరెక్ట్ జంపే.

కామెంట్లలో ఒకాయన "ప్రోగ్రామ్ మొత్తం చూసి, ఎవరూ ఓవర్‌రైడ్ చేయని మెథడ్స్ అన్నీ డైరెక్ట్ చేసెయ్యొచ్చు కదా" అన్నారు. చేయొచ్చు, దాని పేరు క్లాస్ హైరార్కీ అనాలిసిస్, డీన్, గ్రోవ్, ఛాంబర్స్ 1995లోనే పేపర్ రాశారు. కానీ అది ప్రోగ్రామ్ మొత్తం కళ్ళ ముందుంటేనే. జావా ప్రోగ్రాములు నడిపే హాట్‌స్పాట్ జేవీఎం రన్‌టైమ్‌లో ఇదే చేస్తుంది, తర్వాత కొత్త క్లాస్ లోడై ఓవర్‌రైడ్ చేస్తే ఆ కంపైల్ చేసిన కోడ్‌ని పారేసి వెనక్కి వెళ్ళే మెకానిజం దానికుంది. మీకు లేదు. మీ కస్టమర్లు రూల్స్‌ని విడి మాడ్యూళ్ళుగా తర్వాత లోడ్ చేస్తారని మీరే రాశారు కాబట్టి ఇది మీకు పనికిరాదు. ప్రస్తుతానికి లాంగ్వేజ్ గ్యారంటీ ఇచ్చేవి మాత్రం తీసుకోండి: సూపర్, ప్రైవేట్, ఫైనల్ మెథడ్, ఫైనల్ క్లాస్, కొత్తగా కట్టిన ఆబ్జెక్ట్.

ఇంకొకరు "జావాలో ప్రైవేట్ మెథడ్స్‌కి ఇన్వోక్‌స్పెషల్ కదా, అలాగే మీకూ ఒక ఇన్‌స్ట్రక్షన్ పెట్టుకోండి" అన్నారు. అది పాత లెక్క. జావా 11లో నెస్ట్‌మేట్స్ (ఒకదానిలో ఒకటి రాసిన క్లాసులు ఒకదాని ప్రైవేట్‌లు ఒకటి వాడుకోవడం) వచ్చాక జావా కంపైలర్ జావాక్ ప్రైవేట్ ఇన్‌స్టాన్స్ మెథడ్స్‌కి కూడా ఇన్వోక్‌వర్చువలే వేస్తోంది, అవతల ప్రైవేట్ అని తెలిసి జేవీఎం దాన్ని నేరుగానే పిలుస్తుంది. ఇన్‌స్ట్రక్షన్ పేరులో వర్చువల్ ఉన్నంత మాత్రాన కాల్ వర్చువల్ అయిపోదు.

చివర్లో ఇంటర్ఫేస్ కాల్స్ కూడా ఇందులోనే కలపనా అని అడిగారు. రెండు, మూడు ముక్కలు అవీ వాడుకోవచ్చు, ఎవర్ని పిలవాలి అన్న ముక్కలో ఇంకో రకం చేరుతుంది అంతే. వాటిని డైరెక్ట్ చేయడం మాత్రం ఈ రౌండ్‌లో వద్దు. ముందు ట్రై బ్లాక్ లోపల ఇన్వోక్ వేసే పాత కోడ్ ఇక్కడ పెట్టండి, క్లీనప్‌లు ఎక్కడ తగిలిస్తున్నారో చూడాలి, మీరు రాసిన దాన్ని బట్టి ప్రైవేట్ పాత్‌లో అసలు ఇన్వోకే లేదేమో అని నా అనుమానం.